ఫైబర్‌గ్లాస్ పడవ శుభ్రం: కడిగిన నీళ్ల లెక్కతో సహా ఒక ప్రాజెక్టు డైరీ

30 అడుగుల తెరచాప పడవ, 1980ల నాటిది, ఒళ్లంతా ఫైబర్‌గ్లాస్. డెక్ మీద నల్లటి బూజు మచ్చలున్నాయి. వాటర్‌లైన్ (నీటిమట్టం తగిలే గీత) వెంట పసుప్పచ్చని చార ఉంది. పక్కలు వెలిసిపోయాయి, చేత్తో రాస్తే తెల్లపొడి అంటుతోంది. అడుగున పాకుడు, గుల్లలు. బిల్జ్‌లో, అంటే పడవ లోపల నీరు చేరే అట్టడుగు భాగంలో, నూనె కలిసిన నీళ్లు. ఇవన్నీ వదిలించాలి. నేను పెట్టుకున్న షరతు ఒకటే: పడవ మీంచి దిగే ప్రతి చుక్కా, రాలే ప్రతి పొడీ ఎక్కడికి చేరుతుందో ముందే తెలియాలి. తెలియకపోతే ఆ పని ఆ చోట మొదలుపెట్టను.

ఈ షరతుతో పనుల వరస మొత్తం మారింది. కంటికి ఎక్కువ కనిపించే మురికితో మొదలుపెట్టాలనిపించడం సహజం. కానీ ఇక్కడ చూడాల్సింది మురికి ఎంత ఉందని కాదు, దాన్ని వదిలించిన నీటిని పట్టుకోగలమా లేదా అని. పట్టుకోలేని చోట మంచినీళ్లు తప్ప ఇంకేమీ వాడకూడదని నిర్ణయించుకున్నాను.

జెట్టీ దగ్గర, పడవ నీళ్లలో ఉండగా

సబ్బు సీసా తెరవలేదు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు, మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక బకెట్టు, అంతే. డెక్ మీద మనం మురికి అనుకునేదాంట్లో చాలా భాగం ఉప్పే. అది గాలిలోని తేమను లాక్కుంటుంది, ఆ తడికి దుమ్ము అంటుకుంటుంది, ఎండకు రెండూ కలిసి గట్టిపడతాయి. ముందు తడిపి కాసేపు నాననిస్తే ఉప్పు కరిగి దుమ్మును తనే వదిలేస్తుంది. అప్పుడు రుద్దితే సరిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు రుద్దితే మాత్రం ఆ ఉప్పురవ్వలే జెల్‌కోట్‌ను (ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి రెసిన్ పైపొరను) గీస్తాయి. తెల్లవారుజామున డెక్ మీద మంచు తడి ఉంటే ఇంకా మేలు. గొట్టం విప్పకుండానే గుడ్డతో తుడిచేయవచ్చు.

పక్క పడవాయన చూసి అడిగారు: "ఇప్పుడొచ్చే సబ్బులన్నీ బయోడిగ్రేడబులే కదండీ, ఇక్కడే కడిగేస్తే ఏమవుతుంది?"

అడగాల్సిన ప్రశ్నే. సీసా మీద ఆ మాట ఉంటే చాలామంది అక్కడితో నిశ్చింతగా ఉంటారు. ఓఈసీడీ 301 అనే పరీక్షల వరసలో ఒక పదార్థం "తేలిగ్గా విచ్ఛిన్నమయ్యేది" అనిపించుకోవాలంటే 28 రోజుల్లో కనీసం 60 శాతం, కొన్ని పద్ధతుల్లో 70 శాతం విచ్ఛిన్నం కావాలి. అంటే అక్కడి లెక్క వారాల్లో ఉంది. సబ్బు నీళ్లలో పడగానే చేసే పని మాత్రం అప్పటికప్పుడు జరుగుతుంది. జిడ్డును ఏ గుణంతో వదలగొడుతుందో అదే గుణంతో చేప మొప్పల మీదుండే జిగురుపొరనూ వదలగొడుతుంది. ఆ పొర పోతే చేపకు ఊపిరి కష్టం, రోగాలు సులువు. పైగా మెరీనాలో, అంటే పడవలు కట్టి ఉంచే రేవులో, నీరు కదలడం తక్కువ, పడవలు ఎక్కువ. సబ్బులో ఫాస్ఫేట్ కూడా ఉంటే నాచుకు ఎరువు వేసినట్టే. ఇదంతా ఆయనకు చెప్పాను. "అయితే మరి డెక్ మీద గ్రీజు మరకలకు ఏం చేస్తారు?" అన్నారు. ఆ మరక ఉన్నచోట మాత్రమే, తడిపిన గుడ్డకు ఒక చుక్క సబ్బు వేసి తుడిచి, ఆ గుడ్డను ఒడ్డున ఉతుకుతాను. కడగడానికీ తుడవడానికీ తేడా అదే. తుడిస్తే మురికి గుడ్డలో ఉంటుంది.

రూల్స్ చదివిన సాయంత్రం

అంతర్జాతీయంగా ఓడల కాలుష్యానికి మార్పోల్ ఒప్పందం ఉంది. చెత్తకు సంబంధించింది అందులో ఐదో అనుబంధం. సవరించిన రూపం 2013 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. డెక్ కడిగిన నీళ్లలో ఉండే క్లీనర్లు సముద్ర పర్యావరణానికి హాని చేయనివైతేనే వదలవచ్చని అది చెబుతుంది. ఇది కనీస హద్దు. హార్బర్లు, సరస్సులు, మెరీనాలు దీని మీద తమ సొంత నిబంధనలు పెడతాయి, అవి దాదాపు ఎప్పుడూ ఇంతకంటే గట్టిగానే ఉంటాయి. అందుకే పడవను ఒడ్డుకెక్కించే తేదీ ఖాయం చేసుకునే ముందే పడవల మరమ్మతు యార్డు వాళ్లను నిబంధనల కాగితం అడిగి తీసుకున్నాను. అడుగు భాగం కడగడం వాష్ ప్యాడ్ (కడిగిన నీళ్లను పట్టే నేల) మీదే చేయాలి. శాండింగ్ (గరుకు కాగితంతో అరగదీయడం) చేస్తే మెషీన్‌కు వాక్యూమ్ తగిలించాలి, కింద టార్పాలిన్ పరవాలి. గాలి ఎక్కువుంటే శాండింగూ పెయింటింగూ ఆపాలి. పెయింటు, యాసిడ్, నూనె వ్యర్థాలు వాళ్లు చూపిన డ్రమ్ముల్లోనే వేయాలి. చదువుతుంటే నాకు టెన్షన్ తగ్గింది. నేను ఆలోచించి పెట్టుకోవాల్సిన ఏర్పాట్లలో సగం అక్కడే ఉన్నాయి.

పడవ ఒడ్డుకెక్కిన రోజు

పైకెత్తే పట్టీల్లో (స్లింగుల్లో) పడవ గాల్లోకి లేస్తుండగానే కడగడానికి సిద్ధంగా ఉండాలి. ఇందులో ఆలస్యం పనికిరాదు. తడిగా ఉన్నప్పుడు పాకుడు మెత్తగా జారిపోతుంది. ఒకసారి ఎండితే దాన్ని గీకాల్సిందే, గీకితే కింద పెయింటు కూడా లేస్తుంది. గుల్లలదీ అంతే, తడిలో ప్లాస్టిక్ గీకుడుతో పక్క నుంచి తోస్తే పైచిప్ప ఊడి వస్తుంది. అడుగున సున్నపు చక్రం మిగులుతుంది, దాన్ని తర్వాత చూసుకోవచ్చు.

వాష్ ప్యాడ్ అంటే కొద్దిగా వాలుగా పోసిన సిమెంటు నేల. నీళ్లన్నీ ఒక గుంటలోకి చేరతాయి, అక్కడ మడ్డి కిందికి దిగుతుంది, పైనీరు ఫిల్టర్ల గుండా పోతుంది. అదెందుకో కడగడం మొదలుపెట్టిన నిమిషంలోనే అర్థమైంది. కిందికి కారిన నీళ్లు నీలంగా ఉన్నాయి. ఆ నీలం మా అడుగు పెయింటుది. అందులో రాగి సమ్మేళనం ఉంటుంది, దాని పనే సముద్రజీవుల్ని అంటకుండా చేయడం. పడవకు అంటుకున్న గుల్లకూ పక్కనే బతికే ఆల్చిప్పకూ అది తేడా చూడదు. ఈ నీళ్లు నేరుగా సముద్రంలోకి పోయే నేల మీద ఈ పని చేసే ఆలోచనే నాకు రాకూడదు.

ప్రెషర్ వాషర్ ఒత్తిడి తగ్గించి, నాజిల్ దూరంగా పట్టాను. మాది కొద్దికొద్దిగా అరిగిపోయే రకం పెయింటు. దగ్గర నుంచి కొడితే పాకుడుతో పాటు ఇంకా ఏళ్లు పనిచేసే పెయింటు కూడా పోతుంది. చుక్కాని బేరింగు, ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలు, అడుగున ఉన్న రంధ్రాల దగ్గర నీటి ధారకు బదులు చేత్తో బ్రష్షు వాడాను.

గీకిన గుల్లలన్నీ తుడిచి, సంచిలో కట్టి, పొడి చెత్తలో వేశాం. వాటిని తిరిగి నీళ్లలోకి తోయకూడదు. పడవ అడుగున అంటుకుని ఒక నీటి నుంచి ఇంకో నీటికి చేరే జీవులు చేసే నష్టం చిన్నది కాదు. ఉత్తర అమెరికా మహాసరస్సుల్లో జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప 1988లో మొదట కనబడింది. ఓడలు నిలకడ కోసం నింపుకునే బ్యాలస్ట్ నీళ్లలో వచ్చి, తర్వాత పడవలతో పాటు లోపలి సరస్సులకు కూడా పాకింది. నీటిసరఫరా గొట్టాలు మూసుకుపోయేంతగా పెరిగింది. ఇదే భయంతో న్యూజీలాండ్ 2018 మే నుంచి విదేశాల నుంచి వచ్చే ప్రతి నౌకా శుభ్రమైన అడుగుతోనే రావాలని నిబంధన పెట్టింది. మా పడవ దేశాలు దాటేది కాకపోయినా లంగరు గొలుసు, నీటి ట్యాంకులు, ఇంజన్ చల్లార్చే నీటి వడపోత గిన్నె కూడా అదే శ్రద్ధతో ఖాళీ చేసి ఆరబెట్టాను.

వాటర్‌లైన్ మీద పసుపు చార

ఇది సబ్బుకు లొంగదు. నీళ్లలోని ఇనుమూ, కుళ్లిన ఆకుల నుంచి దిగే టానిన్లూ (గోధుమరంగు పదార్థాలూ) జెల్‌కోట్ సన్నని రంధ్రాల్లోకి ఇంకడం వల్ల వచ్చే రంగు ఇది. ఎంత రుద్దినా రంగు కింద ఉంటుంది, మనం పైన రుద్దుతుంటాం. దీనికి సరైన మందు ఆక్సాలిక్ యాసిడ్. అది ఇనుప మరకను నీళ్లలో కరిగే రూపంలోకి మారుస్తుంది, రుద్దాల్సిన పనే ఉండదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉన్న క్లీనర్లు ఇంకా త్వరగా పనిచేస్తాయి, కానీ వాటిలోని క్లోరైడ్ స్టెయిన్‌లెస్ స్టీలును కూడా తింటుంది. ఆ తొందర నాకు అక్కర్లేదు.

జెల్ రూపంలో ఉన్నది ఎంచుకున్నాను. బ్రష్షుతో పూసిన చోటే నిలుస్తుంది, కారదు, అందుకని కొద్దిగానే పడుతుంది. జింక్ ఆనోడ్లనూ (మిగతా లోహాల బదులు తామే అరిగిపోయే ముక్కలు), లోహపు భాగాలనూ, అడుగు పెయింటు అంచునూ ముందే టేపుతో మూశాను. కింద టార్పాలిన్ అంచులు పైకి మడిచి తొట్టిలా చేశాను. చేతికి రబ్బరు గ్లవుజులు, కళ్లద్దాలు తప్పనిసరి, ఆక్సాలిక్ యాసిడ్ విషం. కాసేపటికి చార మాయమైంది. చూస్తుండగానే తెల్లబడటం ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే సంతృప్తినిచ్చిన పని.

ఇక్కడ అలవాటు కొద్దీ గొట్టం పట్టుకుని కడిగేస్తే టార్పాలిన్ పొంగిపోతుంది. బకెట్టు నీళ్లు, స్పాంజి. జెల్‌ను స్పాంజితో ఎత్తి, శుభ్రమైన నీళ్లతో ఇంకోసారి తుడిచి, ఆ నీళ్లన్నీ ఒక డబ్బాలోకి చేర్చాను. అందులో వంటసోడా కొద్దికొద్దిగా వేస్తూ పోతే నురగ వస్తుంది. నురగ రావడం ఆగిందంటే యాసిడ్ విరిగినట్టే. అలా విరిచిన నీళ్లను కూడా యార్డు వాళ్ల వ్యర్థాల డ్రమ్ములోనే పోశాను, ఎందుకంటే అందులో మరక నుంచి వచ్చిన లోహాలు ఉంటాయి.

ఒక హెచ్చరిక ఇక్కడే రాయాలి. యాసిడ్ పనికి దగ్గరలో బ్లీచ్ సీసా ఉండకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. బ్లీచ్ అమ్మోనియాతో కలిసినా విషవాయువే. చాలా క్లీనర్లలో ఏది ఉందో పేరు చూసి తెలియదు, వెనక చిన్న అక్షరాలు చదవాలి. నేనైతే బ్లీచ్‌ను పడవలోకే రానివ్వలేదు. డెక్ మీది బూజు మచ్చలకు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తడిపిన గుడ్డ పరిచి ఉంచితే చాలు. అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. కాలు జారకుండా చేసిన గరుకు భాగంలో మాత్రం మచ్చలు సందుల్లో ఉంటాయి, అక్కడ మెత్తటి బ్రష్షుతో ఓపిగ్గా తిరగాల్సి వచ్చింది. టేకు చెక్క పట్టీలను నారకు అడ్డంగా, తేలిగ్గా రుద్దాను. నార వెంట రుద్దితే మెత్తటి భాగం లేచిపోయి చెక్క గాడులు పడుతుంది.

వెలిసిన జెల్‌కోట్

జెల్‌కోట్ మందం సుమారు అర మిల్లీమీటరు. ఈ మాట గుర్తుంచుకుంటే మెరుపు కోసం ఆరాటం తగ్గుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొర రెసిన్‌ను విరగ్గొడతాయి, రంగుపొడి విడిపోయి బయటకొస్తుంది. చేతికి అంటుకునే తెల్లపొడి అదే. పాలిష్ చేయడమంటే ఆ చచ్చిన పొరను తీసేయడం. ప్రతిసారీ ఆ అర మిల్లీమీటరులోంచే తీస్తాం, తిరిగి పెట్టలేం.

అందుకే ముందు అరచేతంత స్థలంలో పరీక్ష చేశాను. మొదట ఉత్త పాలిష్. చాలలేదు. తర్వాత సన్నరకం కాంపౌండ్ (పైపొరను అరగదీసే ముద్ద). చాలింది. ఆ పైన గరుకువి ఉన్నా వాటి జోలికి పోలేదు, నీళ్లతో రుద్దే గరుకు కాగితం అసలు తీయలేదు. కాగితంతో నీళ్లు పోసి రుద్దితే కారేది తెల్లటి పాల లాంటి ద్రవం, అది పాలియెస్టర్ ప్లాస్టిక్ రేణువులు కలిసిన నీరు. సముద్రంలోకి చేరితే అవి మైక్రోప్లాస్టిక్కే. తప్పనిసరిగా చేయాల్సిన చోట ఉంటే ఆ ద్రవాన్ని గుడ్డతో అక్కడికక్కడే ఎత్తేయాలి. కాంపౌండ్ పని నీడలో, బఫర్ (పాలిష్ మెషీన్) వేగం తగ్గించి, చిన్న చిన్న గళ్లుగా చేశాను. అడుగున టార్పాలిన్ మీద పడిన పొడిని వాక్యూమ్‌తో లాగేశాను. కాళ్లు పెట్టే చోట తప్ప మిగతా అంతా మైనం పూత. డెక్ మీద నడిచే భాగంలో మైనం రాయడమంటే జారిపడటానికి మనమే ఏర్పాటు చేసుకోవడం.

ఈ మైనపు పూత అందానికే అని కొందరు స్నేహితులు అనుకుంటారు, కానీ శుభ్రతలో అసలు పొదుపు అక్కడే ఉంది. మైనం ఉన్న జెల్‌కోట్‌కు మరకలు ఇంకవు, మామూలు నీళ్లకే వదులుతాయి. ఏడాదికోసారి మైనం రాస్తే ఏడాదంతా సబ్బు, యాసిడ్ అవసరం తగ్గుతాయి.

బిల్జ్

అడుగున చేరిన నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు తేలుతున్నాయి, అంటే ఇంజన్ ఆయిలు. ముందుగా ఆటోమేటిక్ పంపు స్విచ్ ఆపాను. లేకపోతే నేను పనిచేస్తుండగానే అది ఎత్తి బయటకు పోసేస్తుంది. నూనెను మాత్రమే పీల్చి నీటిని వదిలేసే ప్యాడ్లు దొరుకుతాయి, వాటిని పైన పరిస్తే తేటనీరు కింద మిగులుతుంది. బిల్జ్‌లో సబ్బు పోయడం అన్నిటికంటే చెడ్డ ఉపాయం. నూనె కనబడకుండా పోతుంది గానీ పోదు, సన్నటి చుక్కలుగా విడిపోయి నీళ్లంతా కలుస్తుంది, ఆ తర్వాత ప్యాడ్లు కూడా దాన్ని పట్టలేవు. అమెరికాలో నీటి మీద నూనె తెట్టు కనబడేలా వదలడం చట్టవిరుద్ధం, ఆ తెట్టును దాచడానికి సబ్బు చల్లడం కూడా చట్టవిరుద్ధమే. ఆయిలు ఎక్కడ కారుతోందో వెతికితే ఫిల్టర్ కింద దొరికింది. దాన్ని బిగించాకే ప్యాడ్ల పని పూర్తయిందని రాసుకున్నాను.

అడుగు పెయింటు మీద నిర్ణయం

కడిగాక తేలిన విషయం: నీలం పొర కింద ఎర్ర పొర ఉంది. అది పాత యజమాని వేసిన గుర్తు కోటు. అరిగే రకం పెయింట్లకు ముందు ఒక రంగు, పైన ఇంకో రంగు వేస్తారు. కింది రంగు కనబడితే పైది అయిపోయిందని అర్థం. మాకు కీల్ (పడవ అడుగున కిందికి దిగే రెక్క) ముందంచు, చుక్కాని ముందంచు, వాటర్‌లైన్ వెంట ఒక పట్టీలోనే ఎరుపు తేలింది. మిగతా అడుగంతా నీలం బాగానే ఉంది. కాబట్టి పెయింటు ఆ మూడు చోట్లే. అడుగంతా మళ్లీ వేయడం చూడ్డానికి బాగుంటుంది, కానీ అవసరం లేని రాగిని నీళ్లలోకి మోసుకెళ్లడమే అవుతుంది.

పాత పొరలన్నీ గీకి తీసేద్దామని ఒక సలహా వచ్చింది. ఒప్పుకోలేదు. 1980ల పడవ కింది పొరల్లో ఏముందో పైనుంచి చూసి చెప్పలేం. ఆ రోజుల్లో ట్రైబ్యుటైల్ టిన్, అంటే టీబీటీ, ఉన్న పెయింట్లు వాడేవారు. ఫ్రాన్స్‌లోని ఆర్కషోన్ అఖాతంలో ఆయిస్టర్ల పెంపకం వాటి వల్ల దెబ్బతింది. చిప్పలు వికారంగా మందమెక్కాయి, పిల్లలు నిలవలేదు. 1982లో ఫ్రాన్స్ 25 మీటర్లలోపు పడవలకు ఆ పెయింట్లను ఆపింది. లీటరు నీటిలో నానోగ్రాముల స్థాయిలోనే టీబీటీ ఆడ నత్తలకు మగ అవయవాలు పెరిగేలా చేస్తుందని తేలింది. ఇలాంటి పెయింట్లను నిషేధించే అంతర్జాతీయ సముద్ర సంస్థ ఒప్పందం 2001లో కుదిరి 2008 సెప్టెంబరు 17న అమల్లోకి వచ్చింది. సిబుట్రైన్ అనే ఇంకో మందును కూడా 2023 జనవరి 1 నుంచి అదే జాబితాలో చేర్చారు. అలాంటిదేదైనా కింద ఉంటే, గట్టిగా అతుక్కుని ఉన్న పొరను పైనుంచి మూసి ఉంచడమే మంచిది. పొడి చేసి గాల్లోకి లేపడం నాకూ మంచిది కాదు, నేలకూ కాదు.

రాగి మీద కూడా ఇప్పుడు పట్టు బిగుస్తోంది. శాన్ డియేగోలోని షెల్టర్ ఐలాండ్ పడవల రేవులో నీళ్లలోకి చేరే రాగి దాదాపు అంతా పడవల అడుగు పెయింట్ల నుంచే అని లెక్కతేలి, దాన్ని 76 శాతం తగ్గించాలని 2005లో లక్ష్యం పెట్టారు. కాలిఫోర్నియాలో 2018 జులై 1 నుంచి విహార పడవల పెయింటు రోజుకు చదరపు సెంటీమీటరుకు 9.5 మైక్రోగ్రాములకు మించి రాగిని వదలకూడదు. నేను కొన్న డబ్బా మీద ఈ లెక్క చూసే కొన్నాను.

ఆ మూడు చోట్ల అంచుల్ని నీళ్లు చిలకరించిన గరుకు ప్యాడ్‌తో, టార్పాలిన్ మీద, చేత్తోనే గరుకు చేశాను. ముఖానికి సన్నటి పొడిని ఆపే పీ100 ఫిల్టర్ల మాస్క్. ఆ మడ్డి, టేపులు, ప్యాడ్లు, పెయింటు రోలర్లు అన్నీ ఒకే సంచిలో వ్యర్థాల గదికి వెళ్లాయి. ఆనోడ్ల మీద పెయింటు పడకుండా చూశాను, పడితే అవి పనిచేయవు.

పడవ మళ్లీ నీళ్లలోకి

ఈ పెయింటు అరిగే రకం కాబట్టి నీళ్లలో ఉండగా అడుగును రుద్దడం ఇక లేదు. డైవర్ వచ్చి బ్రష్షు పెడితే నీలం మబ్బు లేస్తుంది, అదంతా రాగి ఉన్న పెయింటే. దానికి బదులు పడవను తరచూ తిప్పుతాను. కదిలే పడవకు పాకుడు తక్కువ పడుతుంది, పడినా ఆ పెయింటు నీటి ఒరిపిడికి తనంతట తనే రాలుస్తుంది. డెక్‌కు మంచినీళ్లు, గుడ్డ.

మిగిలింది టాయిలెట్ గొట్టాలు. లోపల సున్నం పేరుకుని సన్నబడ్డాయి. వెనిగర్ పోసి రాత్రంతా నాననిచ్చి, వదిలిన నీళ్లను బయటకు కాకుండా హోల్డింగ్ ట్యాంకులోకి (పడవలోని మురుగు ట్యాంకులోకి) పంపి, ఆ ట్యాంకును తోడే పంపౌట్ స్టేషన్‌లో ఖాళీ చేయించాలి. స్టేషన్ పనిచేసే వేళలు కనుక్కున్నాను. వాల్వు ట్యాంకు వైపే తిరిగి ఉందో లేదో చూసి, బయటికి పోయే సీకాక్‌కు (పడవ అడుగు రంధ్రానికి ఉండే వాల్వుకు) తాళం వేశాకే వెనిగర్ పోస్తాను.